సముద్రం వైపు చూసే ఇంటికి సాయంకాలపు ఎండ ఉండదు: కట్టబోయే భవనానికి నమ్మదగిన త్రీడీ చిత్రం తయారుచేసే పద్ధతి

కొన్నేళ్ళ క్రితం విశాఖపట్నం పెదవాల్తేరు దిగువన, సముద్రానికి ఎదురుగా కట్టబోయే ఒక ఇంటికి త్రీడీ ఎలివేషన్, అంటే ఇంటి ముందు వైపు కంప్యూటర్ బొమ్మ, తయారుచేసి ఇచ్చాను. ముందు గోడ మీద బంగారు రంగు ఎండ, బాల్కనీ గాజులో ఎర్రబారిన ఆకాశం, పోర్టికోలో పొడుగాటి నీడలు. వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చేసిన బొమ్మ అది. ఆ ఇంటి మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు దాన్ని చూసి, "ఇల్లు బాగుంది నాయనా, కాని ఇది మా స్థలంలా లేదు. మధ్యాహ్నం దాటితే మా గుమ్మంలో ఎండెక్కడిది? అందుకే కదా సాయంత్రం అక్కడ చాప వేసుకుని కూర్చుంటాం" అన్నారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. విశాఖలో సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. సూర్యుడు నీళ్ళ మీద పొడిచి ఊరి వెనక కొండల వైపు దిగిపోతాడు కనుక, సముద్రం వైపు చూసే గోడ మీద సాయంకాలపు ఎండ పడే అవకాశమే లేదు. నేను ఇంటర్నెట్ నుంచి దించుకుని వాడిన ఆకాశం ఇంకెక్కడిదో. మోడల్‌లో కొలతలు సరిగానే ఉన్నాయి, రంగులు సరిగానే ఉన్నాయి, కాని ఆ చోట అరవై ఏళ్ళు బతికిన మనిషికి ఆ వెలుతురు పరాయిదని ఒక్క చూపులో తెలిసిపోయింది. అప్పటి నుంచి నా పని క్రమాన్ని మార్చుకున్నాను. ముందు స్థలం, తరవాత ఎండ, ఆ తరవాతే మోడల్, రంగులు, రెండర్ (మోడల్ నుంచి కంప్యూటర్ లెక్కగట్టి తీసే బొమ్మ). అదే క్రమంలో, అటువంటి ఇంటినే ఉదాహరణగా పెట్టుకుని ఇక్కడ వివరిస్తాను. నేను బ్లెండర్ వాడతాను. అది 2002 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. త్రీడీఎస్ మ్యాక్స్‌లో వీ-రే (V-Ray), కరోనా అనే రెండర్ సాఫ్ట్‌వేర్లు వాడేవారికైనా, స్కెచప్‌లో గీసి ఎన్‌స్కేప్‌లోనో లూమియన్‌లోనో రెండర్ తీసేవారికైనా ఈ పద్ధతిలో తేడా ఏమీ ఉండదు. మీటల పేర్లు మాత్రమే మారతాయి.

స్థలం దగ్గర

ప్లాన్ చేతికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చోకుండా, టేపు పట్టుకుని స్థలానికి వెళ్ళాలి. వీలైతే ఒకసారి ఉదయం, ఒకసారి మధ్యాహ్నం దాటాక. మొదట తేల్చుకోవలసినది దిక్కు. మన దగ్గర "తూర్పు ముఖం ఇల్లు" అనడం అలవాటు గాని, బీచ్ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి దాన్ని అనుసరించి వేసిన స్థలాలు చాలావరకు ఆగ్నేయానికి తిరిగి ఉంటాయి. వాస్తు లెక్కలో దాన్ని ఏమని పిలుచుకున్నా, ఎండ లెక్కకు మాత్రం అసలు డిగ్రీలు కావాలి. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప గేట్ల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర తప్పు చూపిస్తుంది. కాబట్టి ఉత్తరం నిటారుగా పైకి ఉండే ఉపగ్రహ పటంలో రోడ్డు గీతను చూసి దాన్ని సరిపోల్చుకోవాలి.

తరవాత రోడ్డు వెడల్పు, ఎదురింటి ఎత్తు, కరెంటు స్తంభం ఎక్కడుంది, తీగలు ఏ ఎత్తులో వెళుతున్నాయి, పక్కింటి పిట్టగోడ మన స్థలం వైపు ఎంత పైకి కనిపిస్తోంది అన్నవి రాసుకోవాలి. విశాఖలో ఇంకొకటి తప్పనిసరిగా చూడాలి, అది నేల వాలు. ఈ ఊరు కొండల పాదాల మీద పెరిగింది. పెదవాల్తేరులోనూ సీతమ్మధారలోనూ సముద్ర మట్టంతో సమానంగా చదునుగా సాగే వీధులు తక్కువ. చాలా చిత్రాల్లో ఇల్లు బల్ల మీద పెట్టిన బొమ్మలా చదునైన నేల మీద నిలబడి ఉంటుంది. నిజంగా అయితే ప్రహరీ గోడ ఒక చివర నాలుగడుగులు ఉంటే రెండో చివరకు అయిదున్నర అవుతుంది, గేటు దగ్గర ర్యాంపు వేయవలసి వస్తుంది, బేస్‌మెంటు ఒక వైపు ఎక్కువగా బయటపడుతుంది. ఈ వాలును మోడల్‌లో పెట్టిన మరుక్షణం బొమ్మ ఆ వీధిలోకి వచ్చి కూర్చున్నట్టు అనిపిస్తుంది. రెండర్‌లో ఏ సెట్టింగూ ఇవ్వలేని గుణం అది.

గోడలు, నేల, రాయి ఫొటోలను ఎండలో కాకుండా మబ్బు పట్టినప్పుడో నీడలోనో తీసుకోవాలి. ఎండలో తీస్తే ఆ ఫొటోలోనే నీడలు ఉండిపోతాయి, మన కంప్యూటర్ సూర్యుడు వేసే నీడలతో అవి పోట్లాడతాయి. ప్రతి ఫొటోలోనూ ఒక మూల తెల్ల కాగితం ఉంచితే రంగును తరవాత సరిచేసుకోవడం తేలిక.

ఎండ లెక్క

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్ళాలి, ఎందుకంటే చిత్రం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. విశాఖ ఉత్తర అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు, తూర్పు రేఖాంశం సుమారు 83.3 డిగ్రీలు. ఈ రెండు అంకెలనూ, తేదీనీ, వేళనూ, గ్రీన్‌విచ్ కాలంతో భారత కాలమానానికి ఉన్న 5.5 గంటల తేడానూ సాఫ్ట్‌వేర్‌లోని సూర్యుడి అమరికలో ఇస్తే సూర్యుడు తన చోటికి తానే వచ్చి నిలుస్తాడు. మోడల్‌లో ఉత్తరం ఎటు ఉందో సరిగా చెప్పడం మాత్రం మన బాధ్యత. ప్లాన్ గీసినవారు సాధారణంగా రోడ్డును కాగితం కింది అంచుకు తెచ్చి గీస్తారు, అందువల్ల కాగితం పైభాగాన్ని ఉత్తరమనుకుంటే లెక్కంతా తిరగబడుతుంది.

ఈ అక్షాంశంలో సూర్యుడి నడక ఎలా ఉంటుందో ఒకసారి తెలుసుకుంటే కంటికి తప్పులు దొరకడం మొదలవుతుంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో 72 డిగ్రీలకు చేరతాడు. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే జూన్ మధ్యాహ్నం ఉత్తరపు గోడ మీద ఎండ పడుతుంది, దక్షిణపు గోడ నీడలో ఉంటుంది. యూరప్ పాఠాలు చూసి నేర్చుకున్నవారు ఉత్తరపు గోడను ఎప్పుడూ నీడలోనే ఉంచేస్తారు. మన ఊరికి అది వర్తించదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ముందు గోడ కచ్చితంగా ఆగ్నేయానికి ఉందనుకుంటే, జూన్ నెలాఖరులో దాని మీద నుంచి ఎండ పదకొండున్నరకల్లా తప్పుకుంటుంది. విషువత్తుల రోజుల్లో ఒంటిగంట దాకా ఉంటుంది. డిసెంబరులో రెండున్నర దాకా నిలుస్తుంది. ఆ తరవాత ఇంటి ముందు వైపంతా నీడలోకి పోయి, వెనక ఆకాశం మాత్రం మండుతూ ఉంటుంది. కాబట్టి ఈ ఇంటికి రెండే రెండు మంచి వేళలు ఉన్నాయి: ఉదయపు ఎండ, లేదా పొద్దుగుంకాక దీపాలు వెలిగించే వేళ.

ఉదయంలో కూడా ఏ గంట అన్నది ముఖ్యం. డిసెంబరు 21న ఎనిమిదిన్నరకు సూర్యుడు 25 డిగ్రీల ఎత్తులో, దాదాపు గోడకు సూటిగా ఎదురుగా ఉంటాడు. రంగు బాగుంటుంది, కాని ఎదురుగా టార్చిలైటు వేసినట్టు గోడ చదునుగా కనిపిస్తుంది. కిటికీ మీది రెండడుగుల సన్‌షేడ్ నీడ గోడ మీద సుమారు ఒక్క అడుగే దిగుతుంది. పదిన్నరకు సూర్యుడు 44 డిగ్రీలకు చేరి దక్షిణం వైపు జరుగుతాడు, అదే సన్‌షేడ్ నీడ రెండడుగులకు దిగుతుంది. మధ్యాహ్నానికి మూడడుగులు దాటుతుంది, కిటికీలో సగానికి పైగా చీకటి పడుతుంది. బాల్కనీ లోతు, పోర్టికో ముందుకు వచ్చిన తీరు, గ్రిల్లు గోడకు ఎంత ఎడంగా ఉందో చూపించేవి ఈ నీడలే. అందుకని నేను పది, పదిన్నర మధ్య వేళను ఎంచుకుంటాను. అప్పుడు సూర్యుడు ఇంటికి ఎదురుగా నిలబడినవారి ఎడమ భుజం వెనక ఉంటాడు. కెమెరాను కుడి వైపుకు జరిపితే ముందు గోడ ఎండలోనూ, ఈశాన్యపు పక్క గోడ నీడలోనూ పడి రెంటికీ వెలుతురు తేడా వస్తుంది. రెండు గోడల మీదా ఒకే వెలుతురు పడితే ఎంత ఖరీదైన ఇల్లయినా అట్టపెట్టెలా కనిపిస్తుంది.

ఆకాశాన్ని మరీ నీలంగా పెట్టకూడదు. సముద్రపు తేమ వల్ల ఇక్కడి ఆకాశం అడుగున పాలిపోయి ఉంటుంది, కైలాసగిరి అయినా యారాడ కొండ అయినా దూరం పెరిగేకొద్దీ ఆకుపచ్చదనం పోయి బూడిద కలిసిన నీలంలోకి జారుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని ఆకాశపు నమూనాలో ధూళి, తేమ విలువలను కొంచెం పెంచి ఈ పాలిపోయిన రంగును తెచ్చుకోవచ్చు. ఆకాశపు ఫొటో వాడదలిస్తే అందులోని సూర్యుడి ఎత్తు మన లెక్కకు సరిపోవాలి, మేఘాలు ఆ నెలకు తగినవై ఉండాలి.

కొలతలు, అంచులు

మోడల్ చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్లాన్‌లో ఉన్న కొలతను ఉన్నట్టు పెట్టడమే పని. అంతస్తు పదడుగులు, గుమ్మం ఏడడుగులు, మెట్టు ఎత్తు ఆరు నుంచి ఏడంగుళాలు, పిట్టగోడ మూడడుగులు అన్నవి మన కళ్ళకు పుట్టినప్పటి నుంచి అలవాటైన కొలతలు. గుమ్మం ఎనిమిదడుగులైతే ఇల్లు చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది, ఎందుకో చూసేవారు చెప్పలేరు. బయటి నుంచి తెచ్చుకున్న సోఫా, కారు, కుండీ ఏదైనా సరే ముందు టేపు పెట్టి కొలిచినట్టు కొలిచి గాని దృశ్యంలో ఉంచకూడదు.

ఒక్క విషయం మాత్రం దగ్గరగా చూడాలి. కంప్యూటర్‌లో రెండు గోడలు కలిసే మూల కత్తి అంచులా పదునుగా ఉంటుంది. మేస్త్రీ తాపీతో చేసిన మూల ఎప్పుడూ అలా ఉండదు. ఏదైనా కట్టిన ఇంటి పోర్టికో స్తంభం దగ్గరకు వెళ్ళి మూల మీద వేలు పెట్టి చూస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రం తగులుతుంది. ఆ సన్నని గుండ్రం మీదే వెలుతురు ఒక గీతలా మెరుస్తుంది. మోడల్‌లో ప్రతి అంచుకూ రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల బెవెల్ (అంచు పదును తీసే సన్నని గుండ్రం) ఇస్తే ఆ మెరుపు వచ్చి, స్తంభం రాయీ సిమెంటూ అయినట్టు తోస్తుంది. అలాగే ప్లాస్టరింగు చేసిన గోడ అద్దంలా సమంగా ఉండదు. ఎండ గోడను రాసుకుంటూ వెళ్ళే వేళ చూస్తే రెండు మూడడుగుల వెడల్పున అతి మెల్లని అలలు కనిపిస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తున్న అలను గోడకు ఇవ్వడం నా దృష్టిలో వంద రకాల టెక్స్‌చర్లు (మోడల్ మీద అతికించే గోడ, రాయి ఫొటోలు) తెచ్చుకోవడం కన్నా మేలు చేస్తుంది.

రంగులు, రాయి, గాజు

1986లో జేమ్స్ కజియా ప్రకటించిన రెండరింగ్ సమీకరణమే నేటి సాఫ్ట్‌వేర్లు చాలావాటికి పునాది. దాని సారం ఇది: ఒక బిందువు నుంచి మన కంటికి వచ్చే వెలుతురు, ఆ బిందువు సొంతంగా వెదజల్లేదీ, అన్ని వైపుల నుంచీ దాని మీద పడి తిరిగి వచ్చేదీ కలిసిన మొత్తం. దీని వల్ల మనకు కలిగే లాభం ఏమిటంటే, ఒక వస్తువు రంగు దాని పక్కదానికి దానంతట అదే అంటుకుంటుంది. పోర్టికో శ్లాబు అడుగు భాగాన్ని గమనించండి; తెల్ల సున్నమే వేసినా, కింద ఎర్ర టైల్సు మీద పడిన ఎండ పైకి కొట్టి ఆ తెలుపు గులాబీ చాయలోకి తిరుగుతుంది. ఈ పని సాఫ్ట్‌వేర్ చేయాలంటే మనం ఇచ్చే రంగులు నిజమైన పరావర్తన విలువలై ఉండాలి. కొత్తగా వేసిన తెల్ల రంగు కూడా తన మీద పడ్డ వెలుతురులో సుమారు 80 శాతాన్నే తిప్పి పంపుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో 0 నుంచి 255 దాకా ఉండే రంగు విలువల్లో తెల్లగోడకు 255 పెట్టకుండా 230 దగ్గర ఆపాలి. లేకపోతే వెలుతురు ఎక్కడా తగ్గక గది మొత్తం పాలిపోతుంది. తారు రోడ్డు కొత్తదైతే 4 శాతం, అరిగాక 12 శాతం దాకా పరావర్తనం చేస్తుంది. పూర్తి నలుపు అన్నది లోకంలో లేదు, బొమ్మలోనూ ఉండకూడదు.

రంగు కన్నా మెరుపు ముఖ్యం. నీళ్ళు సూటిగా చూస్తే తమ మీద పడిన వెలుతురులో 2 శాతాన్ని, గాజు ఒక్కో తలానికి 4 శాతాన్ని మాత్రమే తిప్పి పంపుతాయి. చూపు ఏటవాలు అయ్యేకొద్దీ ఈ శాతం పెరిగి చివరకు అద్దంలా మారుతుంది. వక్రీభవన సూచికను (వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకెను) గాజుకు 1.5, నీటికి 1.33 ఇస్తే ఇదంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మనం చూసుకోవలసినది, ఆ గాజులో ప్రతిబింబించడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉందా అన్నది. పగటి కిటికీలో కనిపించేది లోపలి గది కాదు, ఎదురిల్లు, కొబ్బరి చెట్టు, ఆకాశం. బయట లక్ష లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలమానం) ఎండ ఉండగా లోపల రెండు మూడు వందల లక్స్ మాత్రమే ఉంటుంది. అందుకే పగటిపూట కిటికీలు చీకటిగా ఉంటాయి. కెమెరా వెనక ఎదురింటిని కనీసం రంగు వేసిన పెట్టెలా అయినా మోడల్ చేసి ఉంచాలి. గాజుకు వెంటనే వెనక ఒక కర్టెను, అదీ ఒక్కో కిటికీకి ఒక్కోలా పక్కకు లాగి, వేలాడదీయాలి.

సముద్రానికి ఇంత దగ్గరలో ఉప్పుగాలి ప్రతి దాన్నీ పట్టుకుంటుంది. కిటికీ గ్రిల్లు మేకుల కింద గోడ మీదికి సన్నగా దిగిన తుప్పు చార, పిట్టగోడ పైఅంచు నుంచి వాన నీరు జారిన నల్లని మరక, ప్రహరీ అడుగున అడుగు ఎత్తు దాకా ఎగిసిన మట్టి. ఇవి ఈ ఊరి గోడల గుర్తులు. కొత్త ఇల్లు చూపిస్తున్నాం కాబట్టి వాటిని మన ఇంటి మీద వేయకూడదు, పక్కింటి మీద, రోడ్డు మీద, స్తంభం మీద వేయాలి. చుట్టూ ఉన్నది కొన్నేళ్ళు బతికినట్టు కనిపిస్తేనే మధ్యలోది కొత్తదని తెలుస్తుంది.

టైల్సు రెండడుగులవైతే బొమ్మలోనూ రెండడుగులే ఉండాలి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు కనిపించాలి, ఒక్కో టైలు రంగు పక్కదానికన్నా వెంట్రుకవాసి తేడాగా ఉండాలి. రాతి టెక్స్‌చర్ అయిదారడుగులకొకసారి అదే మచ్చతో తిరిగి వస్తుంటే దాన్ని తిప్పి, కలిపి, ఆ పునరుక్తిని చెరపాలి. మెట్లకు శ్రీకాకుళం నీలి గ్రానైటు అనుకున్నారనుకోండి, ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో నీలి రాయి కాకుండా దుకాణానికి వెళ్ళి ఆ పలకనే ఫొటో తీసుకోవడం మంచిది. ఇంటివారు రేపు కొనేది దాన్నే.

చెట్ల విషయంలో మన చిత్రాలు చాలా అన్యాయం చేస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ముందుగా కనిపించే మేపుల్, పైన్ చెట్లు తెచ్చి విశాఖ వీధిలో నాటడం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ నాటవలసినవి కొబ్బరి, బాదం, కానుగ, వేప, నందివర్ధనం, ప్రహరీ మీదికి పాకిన కాగితం పూల తీగ, బీచ్ వైపు సరుగుడు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ఈ ఊళ్ళో పెద్ద చెట్లు లెక్కలేనన్ని కూలాయి. చాలా వీధుల్లో ఇప్పుడున్నవి ఆ తరవాత నాటి పెంచినవే కాబట్టి, మూడంతస్తుల ఎత్తు మర్రిచెట్టును పెట్టేముందు ఆ స్థలంలో అది నిజంగా ఉందా అని చూసుకోవాలి. ఆకు గుండా వెలుతురు కొంత దూరి అవతలికి వచ్చేలా అమర్చాలి. ఎండకు ఎదురుగా చూసినప్పుడు కనిపించే ఆ పసుపు కలిసిన పచ్చదనం లేకపోతే ఆకు ప్లాస్టిక్కు అయిపోతుంది.

మనుషులు ఉంటున్నట్టు చూపించడానికి పెద్ద హంగు అక్కరలేదు. మనం ఎంచుకున్నది డిసెంబరు మూడో వారపు ఉదయం, అంటే ధనుర్మాసం. గేటు ముందు ముగ్గు, దాని అంచు మీదుగా వెళ్ళిన స్కూటరు చక్రం గుర్తు, మేడ మీద నల్ల నీళ్ళ ట్యాంకు, పక్క గోడకు ఏసీ పెట్టె చాలు. ట్యాంకునూ ఏసీనీ దాచేసిన బొమ్మ చూసి ఇల్లు కట్టించుకున్నవారు, తీరా అవి బిగించాక అందం పోయిందని బాధపడటం నేను చూశాను. వాటిని మొదటి బొమ్మలోనే పెడితే ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచిస్తారు.

కెమెరా

కెమెరా ఎత్తు నిలబడిన మనిషి కంటి ఎత్తు, అంటే అయిదడుగుల నుంచి అయిదుంబావు. లెన్సు 24 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య. కెమెరాను పైకి ఎత్తి చూస్తే గోడలు పైన దగ్గరకు వాలతాయి, కాబట్టి దాన్ని నేలకు సమాంతరంగానే ఉంచి, లెన్సు షిఫ్టుతో దృశ్యాన్ని పైకి జరపాలి. ముప్ఫై అడుగుల రోడ్డుకు అవతల నిలబడి ముప్ఫై ఆరడుగుల ఇంటిని పూర్తిగా చూడటం కష్టమే; కంప్యూటర్‌లో ఎదురింటి గోడ దాటి వెనక్కి వెళ్ళి చూడవచ్చు. నేను పది, పదిహేను అడుగులకు మించి వెళ్ళను. యాభై అడుగుల వెనక నుంచి చూపిస్తే ఇల్లు విశాలమైన మైదానంలో ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ దాన్ని అలా చూడలేరు.

సముద్రం కనిపించే బాల్కనీ దృశ్యం చేసేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోవాలి. సముద్రమూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ కెమెరా కంటి ఎత్తులోనే ఉంటుంది. మొదటి అంతస్తులో నిలబడినా, మేడ మీద నిలబడినా ఆ గీత మన కంటి మట్టానికే వచ్చి నిలుస్తుంది. కెమెరా సమంగా ఉన్నప్పుడు లెన్సు షిఫ్టు లేకపోతే అది బొమ్మకు సరిగ్గా మధ్యలో పడుతుంది. ఇంకొక ఫొటోలోని సముద్రాన్ని తెచ్చి అందంగా కనిపించే ఎత్తులో అతికిస్తే బాల్కనీ గచ్చు వాలిపోయినట్టు తోస్తుంది.

రెండర్

పూర్తి బొమ్మకు ముందు, అన్ని వస్తువులకూ ఒకే బూడిద రంగు వేసి చిన్న సైజులో ఒక రెండర్ తీయాలి. ఆ మట్టిబొమ్మలాంటి చిత్రంలోనే ఇల్లు బాగా కనిపిస్తే ఎండ కుదిరిందని అర్థం; అందులో బాగా లేనిది రంగులు వేశాక బాగుపడదు. దీపాల వేళ దృశ్యమైతే ఇంకొక సంగతి ఉంది. ఇక్కడ పొద్దుగుంకాక ఆకాశంలో నీలం నిలిచేది ఇరవై నిమిషాలకు కొంచెం పైన మాత్రమే, ఆ కొద్ది సేపట్లో ఇంటి దీపాలూ ఆకాశమూ సరితూగుతాయి. అన్ని గదులకూ పసుపు దీపాలు పెట్టడం హోటలు అలవాటు. మన ఇళ్ళలో వంటింట్లో, పడకగదిలో 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు, హాల్లో మాత్రం 3000 కెల్విన్ పసుపు దీపం ఉంటాయి. ఆ తేడా కిటికీల్లో కనిపిస్తే ఇల్లు కాపురం ఉన్న ఇల్లవుతుంది.

ఇసుక రేణువుల్లాంటి నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే శాంపిళ్ళు (ఒక్కో చుక్కకు కంప్యూటర్ వేసే వెలుతురు లెక్కలు) నాలుగు రెట్లు కావాలి, కాబట్టి శాంపిళ్ళు పెంచుకుంటూ పోవడం కన్నా ఒక స్థాయి దగ్గర ఆపి, మిగిలిన నాయిస్‌ను తుడిచే డీనాయిజర్‌కు అప్పగించడం తెలివైన పని. అయితే డీనాయిజర్ దోమల జాలినీ, కరెంటు తీగలనూ, కొబ్బరాకు చివరలనూ చెరిపేస్తుంది. ఆ భాగాలను వంద శాతం పెద్దది చేసి చూసి, అవసరమైతే అక్కడి వరకు మళ్ళీ ఎక్కువ శాంపిళ్ళతో తీయాలి. బ్లెండర్ 4.0 నుంచి ఏజీఎక్స్ అన్న రంగుల మార్పిడి మామూలుగానే వస్తుంది, ఎండ పడిన తెల్లగోడ ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా పాలిపోయేలా చూస్తుంది. ఫలితాన్ని, వెలుతురు విలువలను పూర్తిగా నిలుపుకునే ఈఎక్స్ఆర్ ఫైలుగా దాచుకుంటే తరవాత ఎక్స్‌పోజర్ మార్చుకోవచ్చు. తుది మెరుగుల్లో నేను చేసేది కొద్దిగా కాంట్రాస్టు, కొద్దిగా రంగుల సమతూకం, అంతే. కాంతి మరకలు, మెరుపు వలయాలు, అంచుల చీకటి ఎక్కించడం మొదలుపెడితే పొద్దుటి నుంచి కష్టపడి తెచ్చిన ఎండ కొట్టుకుపోతుంది.

అమ్మకానికి ఉన్న అపార్టుమెంటు బొమ్మ అయితే ఇంకొంత జాగ్రత్త అవసరం. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోనో బ్రోషరులోనో ఉన్న తప్పు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి బిల్డరు పరిహారం చెల్లించాలి. కొన్నవారు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. రెండో అంతస్తు నుంచి సముద్రం కనిపిస్తుందని చూపించేముందు, మధ్యలో ఉన్న ఇళ్ళన్నిటినీ వాటి అసలు ఎత్తుల్లో మోడల్ చేసి, కెమెరాను ఆ కిటికీలో నిలబెట్టి చూడాలి. కనిపించకపోతే ఎదుటి ఇంటిని చెరిపేయకుండా ఆ సంగతి బిల్డరుకు చెప్పాలి. అలా చెప్పినందుకు నాకు ఒకటి రెండు పనులు పోయాయి. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు ఆ కిటికీ బొమ్మను చూసి పెడుతుందని తెలిసి వేరేలా చేయలేను.

చివరిగా ప్రింటు. ఏ3 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే 4961 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళ బొమ్మ కావాలి. స్థలం ముందు కట్టే ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంత చిక్కదనం అక్కరలేదు, కాని ఫ్లెక్సీ మీద నీడలు తెర మీద కన్నా బాగా ముదురుతాయి. పెద్దది వేయించేముందు రెండడుగుల ముక్క ఒకటి నమూనాగా వేయించుకుని, ఉదయం పదింటికి స్థలానికి తీసుకెళ్ళి, పక్కింటి గోడకు ఆనించి పెట్టి చూడాలి. ఆ గోడ మీది సన్‌షేడ్ నీడలో ఇటుకల వరస, గ్రిల్లు చువ్వలు ఇంకా తెలుస్తూ ఉండి, మన బొమ్మలోని నీడలో ఏమీ తెలియకపోతే, ఇంటికి వచ్చి నీడలను మరికొంత తేలిక చేసి, రెండో నమూనా వేయించాలి.